వారంటీ డీలరు దయ కాదు, మనం డబ్బు కట్టి కొన్న హక్కు



బండి అమ్మే రోజు షోరూమ్‌లో రైతుకు జరిగే మర్యాద చూడాలి. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, బండికి పూలదండ వేయించి టెంకాయ కొట్టిస్తారు, తాళం చేతికిచ్చి ఫోటో తీస్తారు. ఆరు నెలలకు అదే బండి గేరు పడక నిలబడిపోతే, అదే షోరూమ్ వెనక ఉన్న వర్క్‌షాపులో అదే రైతు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. సారు లేడంటారు. కంపెనీ ఇంజనీరు రావాలంటారు. పార్టు ఆర్డరు పెట్టినామంటారు. కడాకు, 'ఇది వారంటీలోకి రాదన్నా, మీరు తోలిన తీరులోనే తప్పుంది' అంటారు.

ఇది ఏ ఒక్క రైతు కథా కాదు, ఏ ఒక్క కంపెనీ కథా కాదు. ట్రాక్టరు కొన్నా, లగేజీ ఆటో కొన్నా, కారు కొన్నా మన పల్లెల్లో వినిపించేది ఇదే పాట. బండి ధరలో వారంటీ ఖర్చు ముందే కలిసి ఉంటుంది. ఆ డబ్బు మనం కట్టేసినాం. కట్టిన డబ్బుకు రావాల్సిన పనిని అడుక్కోవాల్సిన గతి మనకెందుకు? ఈ నెల మన పత్రికలో ఈ సంగతి తేల్చి చెప్పదలిచాం.

బండి ఆగితే సీమలో ఏం ఆగుతుంది

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అది కూడా పడాల్సిన అదునులో పడదు. కొత్తచెరువు, బుక్కపట్నం, ధర్మవరం పక్క ఎర్రనేలల్లో శెనక్కాయ విత్తను పదును దొరికితే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో గొర్రు తోలలేకపోతే ఇంకో వాన కోసం ఆకాశం వైపు చూడాల్సిందే. కాడెద్దులున్న ఇళ్లు ఊరికి ఎన్ని మిగిలినాయో మనకు తెలుసు. కాబట్టి ట్రాక్టరు పదిహేను రోజులు వర్క్‌షాపులో ఉందంటే, పోయింది రిపేరు ఖర్చు కాదు, ఆ ఏడాది పంట.

లగేజీ ఆటో సంగతీ అంతే. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు సమయానికి చేరకపోతే పురుగు చిలకై గూడు తొలుచుకొని బయటికొస్తుంది. టమోటా మెత్తబడుతుంది. కారు కొన్న రైతును చూసి 'వీనికేం కష్టం' అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అర్ధరాత్రి ఇంట్లో మనిషికి గుండె నొప్పొస్తే బస్సు దొరకని పల్లెలో కారు విలాసం కాదు.

ఇక కంతుల మాట. బండి షెడ్డులో ఉన్నా, బాటలో ఉన్నా ఫైనాన్సు కంతు ఆగదు. ఒక కంతు తప్పితే ఫోను వస్తుంది, రెండు తప్పితే మనుషులొస్తారు. బండి చెడగొట్టి అమ్మినవాడు నెమ్మదిగా ఉంటాడు. అప్పు చేసి కొన్నవాడు నిద్ర లేకుండా ఉంటాడు. ఈ తలకిందుల న్యాయమే మన పోరాటానికి మూలం.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. కారు తయారీ మన గుమ్మం దాకా వచ్చింది. కారు కొన్నవాని హక్కు మాత్రం మన ఊళ్లకు ఇంకా రాలేదు.

'రైతు వినియోగదారుడు కాడు' అనే వాదన

కేసు వేస్తే కంపెనీ వకీలు ఎత్తే మొదటి అభ్యంతరం: ట్రాక్టరు, లగేజీ ఆటో వ్యాపారం కోసం కొన్నవి, అందుకని కొన్నవాడు వినియోగదారుడే కాడు అని. ఈ మాటతోనే సగంమంది బెదిరిపోతారు. బెదరాల్సిన పని లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జులై 20న. అందులోని 2(7) సెక్షన్ వివరణ స్పష్టంగా ఉంది: స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకునే సరుకు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. 1986 నాటి పాత చట్టం కిందే, 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. ఆటో కొని తానే తోలుకొని బతికేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. అదే బండిని పూర్తిగా ఇంకొకరి చేతికిచ్చి ఆదాయం తీసుకుంటే మాత్రం హక్కు నిలవడం కష్టం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మీ ట్రాక్టరు మీరే తోలి మీ చేను దున్నుకుంటూ, ఖాళీ ఉన్నప్పుడు పక్కవాళ్ల చేను బాడుగకు దున్నితే, అది మీ బతుకుదెరువు అని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి.

మన తెలుగు రైతులే గెలిచిన ఒక తీర్పు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని వేర్వేరు జిల్లాల రైతులు నాసిరకం విత్తనాల మీద జాతీయ విత్తన సంస్థపై పోరాడితే, 2012 జనవరి 16న సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి పోకూడదనే వాదనను తోసేసింది. రైతు వినియోగదారుడు కాడనే వాదననూ ఒప్పుకోలేదు. ఇంకా ముఖ్యమైన మాట ఒకటుంది. విత్తనాన్ని రైతు పరీక్షకు పంపలేదని సంస్థ అభ్యంతరం చెప్పింది. కొన్న విత్తనమంతా చేలో వేసుకునే రైతు, పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకుంటాడని ఆశించలేమనీ, కావాలంటే సంస్థే తన దగ్గరున్న విత్తనాన్ని పరీక్షకు పంపమని కోరి ఉండవచ్చనీ కోర్టు తేల్చింది. ఈ తర్కాన్ని మనసులో పెట్టుకోండి. బండ్ల దగ్గర కూడా మన పోరాటం దీని మీదే నిలబడాలి.

వారంటీ కాగితంలో ఏముంటుంది, ఏముండదు

వారంటీ కాగితం రాసింది అమ్మేవాడు. తనకు పనికొచ్చేట్టు రాసుకుంటాడు. 'ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది' అని ఉంటుంది. ట్రాక్టరుకు కిలోమీటర్ల బదులు గంటలు. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు లాంటి అరిగే సామాన్లకు వారంటీ ఉండదు, లేదా కొద్ది కాలమే ఉంటుంది. టైర్లకు, బ్యాటరీకి వాటిని చేసిన కంపెనీలే విడిగా వారంటీ ఇస్తాయి. సర్వీసు ఒకటి తప్పినా, బయటి మెకానిక్కు ఇంజను విప్పినా వారంటీ పోయిందంటారు. బండి వర్క్‌షాపులో పడి ఉన్న రోజులు కూడా వారంటీ కాలంలోనే కరిగిపోతుంటాయి.

ఆ కాగితానికి చట్టం దగ్గర ఎంత బలముందో, ఎంత లేదో రెండూ తెలియాలి. 2006లో మారుతి కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో చెడిన భాగాన్ని బాగు చేయడమో మార్చడమో అని మాత్రమే ఉంటే, కారు మొత్తం మార్చి ఇమ్మనడం కుదరదని చెప్పింది. అలాగని కారు మార్చడమనేదే లేదనుకోకండి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కారు విషయంలో, హ్యుందాయ్ కంపెనీ కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని 2022 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు సమర్థించింది. అంటే కాగితంలో ఏం రాశారన్నది, లోపం ఎంత తీవ్రమైందన్నది, మన దగ్గర ఏ ఆధారముందన్నది, ఈ మూడూ కలిస్తేనే కేసు.

కాగితంలో లేని హక్కులూ మనకున్నాయి. ఏ పనికి సరుకు కావాలో అమ్మేవాడికి తెలియజేసి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ పనికి సరుకు పనికిరావాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ చెప్తుంది. 'దుమ్ములో, గుట్టల్లో తోలితే మేమేం చేసేది' అనే డీలరుకు దీనితో జవాబు చెప్పండి. కొత్తచెరువు రైతు ట్రాక్టరు కొనేది తారురోడ్డు మీద షికారుకా? ఈ ఎర్రమట్టిలో, ఈ రాళ్లలో దున్నను కాదా? ఆ సంగతి తెలిసే అమ్మినారు.

నెరవేరే అవకాశం లేని వారంటీ ఇవ్వడం, బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతులు. ఒకటి కొనాలంటే ఇంకొకటి కూడా తప్పక కొనాలని షరతు పెట్టడం నియంత్రిత వ్యాపార పద్ధతి కింద తప్పు. 'ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలి, లేకపోతే బండి ఇవ్వం' అనే మాట ఎక్కడికొస్తుందో మీరే చూసుకోండి. తయారీదారు వారంటీ కాకుండా డీలరు తన సొంతంగా ఇచ్చిన హామీ తప్పి హాని జరిగితే, 86వ సెక్షన్ ప్రకారం ఆ హానికి డీలరే బాధ్యుడు. అందుకే నోటిమాట హామీలు ఎంత తియ్యగా ఉన్నా వద్దు. 'మూడేళ్లు ఏమైనా మేం చూసుకుంటాం' అని సేల్స్ కుర్రాడు అంటే, అదే మాట డీలరు లెటర్‌హెడ్డు మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇమ్మనండి. ఇయ్యనంటే ఆ మాట విలువెంతో అక్కడే తేలిపోతుంది.

డీలరు వేరు, కంపెనీ వేరు: ఇద్దరినీ వదలొద్దు

గోవాలో ఒకాయన 2011లో తయారైన కారుకని డబ్బు కట్టినాడు. చేతికొచ్చింది 2009లో తయారై, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన కారు. కింది కమిషన్లు డీలరునూ కంపెనీనీ కలిపి బాధ్యులన్నాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాత్రం, డీలరు చేసిన పని కంపెనీకి తెలిసే జరిగిందనే ఆధారం లేదని టాటా మోటార్స్‌ను బయటపడేసింది. డీలరు కంపెనీకి ఏజెంటు కాడు, కొని అమ్మేవాడు అన్న లెక్క మీద ఆ తీర్పు నడిచింది.

పాఠం ఏమిటి? అమ్మకంలో మోసమైతే డీలరు మీద, తయారీ లోపమైతే కంపెనీ మీద, ఎవరు చేసిన తప్పు వాళ్ల పేరున విడిగా రాసి, ఇద్దరినీ కేసులో చేర్చాలి. డబ్బు కట్టక ముందే ఫారం 21, అంటే అమ్మకపు సర్టిఫికెట్టు, చూడండి. తయారైన నెల, ఏడాది అందులో ఉంటాయి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలిపి చూసుకోండి. మీటరు ఎంత తిరిగిందో ఫోటో తీసుకోండి. రాష్ట్రంలోని డీలరు దగ్గరే కొన్న కొత్త బండికి రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టాల్సింది డీలరేనని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెప్తుంది. అది వాళ్లు మనకు చేసే మేలు కాదు. ఆ పేరు చెప్పి 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అడిగితే దేనికో రాసి, రసీదు ఇమ్మనండి.

జాబ్ కార్డే మన సాక్షి

వర్క్‌షాపుకు ఎన్నిసార్లు పోయినా ఒక్క కాగితం తెచ్చుకోకపోతే, కమిషన్ ముందు ఆ తిరుగుళ్లకు లెక్క లేదు. అందుకే సభ్యులందరికీ సంఘం చెప్పేది:

బండి లోపలికి పోయిన ప్రతిసారీ జాబ్ కార్డు రాయించి నకలు తీసుకోవాలి. అందులో మీరు చెప్పిన లోపం మీ మాటల్లోనే ఉండాలి. 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోవద్దు. లోపలికి పోయిన తేదీ, బయటికొచ్చిన తేదీ, మార్చిన సామాన్లు రాయించుకోవాలి. సర్వీసు పుస్తకంలో ముద్ర వేయించాలి. వారంటీ కిందికి రాదంటే, ఎందుకు రాదో రాతపూర్వకంగా అడగాలి. రాసియ్యకపోతే అదే రోజు డీలరుకూ కంపెనీకీ రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాలి. ఫోనులో మెసేజ్ పెట్టినా తుడిచేయకుండా దాచుకోవాలి.

తర్వాత 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల దాకా అయితే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400 రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. డీలరు బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇది 2019 చట్టం ఇచ్చిన మంచి హక్కు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. ఒకే లోపంతో చాలామంది నష్టపోతే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయవచ్చు. ఇక్కడే సంఘం బలం పనికొస్తుంది. ఒకే మోడలు బండిలో ఒకే లోపం ఎంతమందికి వచ్చిందో ఊరూరా లెక్క రాయండి, కాగితాలు సంఘానికి పంపండి.

ప్రతివాదికి జవాబు ఇచ్చేందుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజులు. అంతకు మించి గడువు ఇయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఓడిపోయి పై కమిషన్‌కు అప్పీలు పోవాలంటే, కట్టాల్సిన మొత్తంలో సగం ముందు డిపాజిట్టు చేయాలి. ఆదేశాన్ని లెక్కచేయనివాడికి జైలు శిక్ష కూడా ఉంది. వాయిదాల పేరు చెప్పి బెదిరించేవాళ్లకు ఈ సంగతులు చెప్పండి.

చట్టంలో ఉన్న బొక్క

ఇంత చెప్పినాక అసలు బాధ కూడా చెప్పుకోవాలి. తయారీ లోపం ఉందని రుజువు చేయాల్సింది ఎవరు? రైతు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ సరుకును ప్రయోగశాలకు పంపవచ్చు. కానీ ఆ పరీక్ష ఫీజు ముందు ఫిర్యాదుదారుణ్ణే కట్టమనవచ్చు. ఇంజను గీసిన కాగితాలు కంపెనీ దగ్గర, ఇంజనీర్లు కంపెనీ దగ్గర, విడిభాగాలు కంపెనీ దగ్గర, కంప్యూటరులో లోపం చూపే పరికరం కంపెనీ దగ్గర. రైతు దగ్గర ఉన్నది ఆగిపోయిన బండి, కట్టాల్సిన కంతు. రుజువు మాత్రం రైతే తేవాలంట! విత్తనాల కేసులో సుప్రీంకోర్టు వేసిన ప్రశ్న ఇక్కడ కూడా వేయాలి: పరీక్షించగలిగే శక్తి ఎవరి దగ్గరుందో, వాళ్లే పరీక్షించి చూపితే ఏం పోయింది?

ఇది జరగని పని కాదు. అమెరికాలో 1982లో కనెక్టికట్ రాష్ట్రం పాడు కార్ల మీద చట్టం తెచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టినాయి. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే, లేదా మొత్తం 30 రోజులు వర్క్‌షాపులోనే ఉంటే, ఆ కారులో లోపం ఉన్నట్టే లెక్క అని ఆ చట్టాల్లో చాలావాటి సారాంశం. అప్పుడు కారు మార్చాలి, లేదా డబ్బు తిరిగియ్యాలి. కొలరాడో రాష్ట్రంలో రైతులు పోరాడి, వ్యవసాయ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కును 2023లో చట్టంగా సాధించుకున్నారు. 2024 జనవరి 1 నుంచి అక్కడ విడిభాగాలు, పరికరాలు, మాన్యువళ్లు రైతుకూ బయటి మెకానిక్కుకూ కంపెనీ ఇవ్వాల్సిందే. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ ఒకటి మొదలుపెట్టింది. వ్యవసాయ పరికరాలను, మోటారు వాహనాలను అందులో చేర్చింది. పోర్టల్ వేరు, చట్టం వేరు. పోర్టల్ సమాచారం చెప్తుంది. చట్టం ఉంటేనే కంపెనీ ఇస్తుంది.

'రైతులు సర్వీసు సరిగా చేయించరు, ఏదిబడితే అది పోసి తోలతారు, అన్నిటికీ మేమే బాధ్యులమా' అని డీలర్లు అడుగుతారు. సర్వీసు తప్పినందువల్లే ఆ భాగం చెడిందని చూపగలిగితే ఆ రిపేరును మనమే భరిద్దాం. అందులో పేచీ లేదు. ఆయిలు మార్చలేదని స్టీరింగు వారంటీ ఎట్లా పోతుంది? ఏ తప్పుకు ఏ భాగం చెడిందో చెప్పకుండా మొత్తం వారంటీ రద్దనడం న్యాయం కాదు. సర్వీసు తప్పకూడదంటే, సర్వీసు కేంద్రం రైతుకు అందే దూరంలో ఉండాలి. బండి అమ్మను మండలానికి మనిషిని పంపగలిగిన కంపెనీ, బాగు చేయను మెకానిక్కును పంపలేదా?

మా డిమాండ్లు

1. వారంటీ షరతులు, సర్వీసు పట్టిక తెలుగులో, కొనే ముందే ఇవ్వాలి.

2. ఒకే లోపం నాలుగుసార్లు తిరగబెడితే, లేదా బండి 30 రోజులు వర్క్‌షాపులో ఉంటే, లోపం ఉన్నట్టుగానే భావించే నిబంధన తేవాలి. లోపం లేదని రుజువు చేసే బరువు కంపెనీ మీద పెట్టాలి.

3. వర్క్‌షాపులో ఉన్న రోజులను వారంటీ కాలానికి కలపాలి. విత్తనాల అదునులో ట్రాక్టరు ఆగితే బదులు ట్రాక్టరు ఇవ్వాలి.

4. వారంటీ వివాదం కమిషన్ ముందున్నంత కాలం కంతుల వసూలులో ఒత్తిడి చేయకుండా బ్యాంకులకు, ఫైనాన్సు సంస్థలకు ఆదేశాలివ్వాలి.

5. మన అనంతపురం పక్కనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. రైతు ఫిర్యాదు చేసిన యంత్రాన్ని అక్కడి నిపుణులు ఫీజు లేకుండా పరీక్షించి నివేదిక ఇచ్చే ఏర్పాటు చేయాలి.

6. ప్రతి జిల్లాకూ వినియోగదారుల కమిషన్ అని చట్టమే చెప్తోంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా రైతుల కేసుల విచారణ పుట్టపర్తిలోనే క్రమం తప్పకుండా జరగాలి.

ఈ డిమాండ్లతో ప్రతి గ్రామ కమిటీ తీర్మానం చేసి, మండల కమిటీ ద్వారా కలెక్టరుకు పంపాలి. వారంటీ తగువులున్న సభ్యులు బిల్లు, జాబ్ కార్డులు, సర్వీసు పుస్తకం నకళ్లు తీసుకొని కొత్తచెరువులో జరిగే మండల సమావేశానికి రావాలి. ఫిర్యాదు రాయను సాయం చేసే బాధ్యత సంఘానిది.

ఒంటరిగా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడిన రైతుకు 'రేపు రా అన్నా' అనే జవాబే వస్తుంది. పదిమంది కలిసి కాగితాలతో పోతే, ఆ రేపు అనేది తేదీ వేసిన జవాబుగా మారుతుంది.